ప్రతి ఏడూ అదే జలుబా? పిల్లల్లో పుప్పొడి అలర్జీ

ఈ రోజు పిల్లలకి వచ్చే పుప్పొడి అలర్జీ గురించి మాట్లాడుకుందాం. నేను డాక్టర్‌ని కాదు, ఆ ఇబ్బంది ఉన్న ఎనిమిదేళ్ల బాబుకి అమ్మని. మా ఇంట్లో జరిగింది, మా డాక్టరు గారు చెప్పింది మీతో పంచుకుంటాను.

మేముండేది వరంగల్ శివార్లలో. ఇంటి చుట్టూ ఖాళీ ప్లాట్లే. వానలు పడ్డాక వాటి నిండా తెల్లపూల వయ్యారిభామ పెరుగుతుంది. పార్థీనియం, కాంగ్రెస్ గడ్డి అనేది కూడా దీన్నే. అది పూతకొచ్చిందంటే మా వాడికి పొద్దున్నే వరసగా పది తుమ్ములు. ముక్కు నీళ్లలా కారేది, కళ్లు నలుపుకుంటూనే ఉండేవాడు. రెండేళ్లు నేను జలుబే అనుకున్నా. పెరుగు, అరటిపండు మాన్పించా. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ కూడా వేశా. అది నా తప్పేనండీ. అలర్జీకి యాంటీబయాటిక్ పనిచేయదు, పెరుగుకీ పుప్పొడికీ సంబంధమే లేదు.

మరి తేడా ఎలా తెలుస్తుంది? మామూలు జలుబు వారం, పది రోజుల్లో తగ్గుతుంది, ఒళ్లు వెచ్చబడొచ్చు. అలర్జీలో జ్వరం ఉండదు. ముక్కు, కళ్లు దురద పెడతాయి. వారాల తరబడి ఉంటుంది, ఏటా అదే కాలంలో వస్తుంది. పిల్లలు అరచేత్తో ముక్కుని పైకి రుద్దుకుంటుంటే కూడా అనుమానించాలి. ఏ రోజు ఎక్కువైందో క్యాలెండర్ మీద రాసుకోండి. డాక్టరుకి అది చాలా పనికొస్తుంది.

ఇంట్లో మేం చేసేవి చిన్న చిన్న పనులే. బయట ఆడి రాగానే స్నానం, బట్టల మార్పు. జుట్టులో పుప్పొడి ఉంటే అది దిండుకి అంటుతుంది కదా! ఆ సీజన్‌లో వాడి బట్టలు, దుప్పట్లు ఇంట్లోనే ఆరేస్తాం. గాలి బాగా వీచే రోజు కిటికీలు మూసేస్తాం. మొక్కల్ని పూతకి ముందే గ్లౌజులు, మాస్కు వేసుకుని మేమే పీకిస్తాం, పిల్లల్ని దగ్గరికి రానివ్వం.

ఇక మందు. డాక్టరు రాసిన ముక్కు స్ప్రే ఒక్క రోజులో పనిచేయదండీ, రోజూ కొట్టాలి. మధ్య గోడ వైపు కాకుండా, కంటి బయటి కొస వైపు తిప్పి కొట్టాలి. తుమ్ములు తగ్గాయని మనంతట మనం ఆపకూడదు. పిల్లికూతలు, ఆయాసం, రాత్రిపూట ఆగని దగ్గు ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, అది ఆస్తమా కావచ్చు.

చివరిగా ఒక్క మాట. మొదట్లో భయంతో వాణ్ణి ఆటలకే పంపలేదు. కిటికీ దగ్గర నిలబడి, "అమ్మా, వాళ్లందరికీ లేనిది నాకే ఎందుకు?" అన్నాడు. ఆ సంగతి చెబితే డాక్టరు గారు ఒకటే అన్నారు: "వాడు ఆడుకోవడానికేనమ్మా ఈ మందులు." ఇప్పుడు జేబులో రుమాలు పెట్టుకుని రోజూ వెళ్తున్నాడు. రాగానే తనే బాత్‌రూమ్‌లోకి పరిగెడతాడు.

మీ పిల్లలకి ఏ కాలంలో ఇలా అవుతుందో ఈసారి గమనించండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ!