నిలిపిన స్వరము

పాశ్చాత్య వాద్యము చేతికి వచ్చినంతనే, దాని స్వరములు వేరు, మన స్వరములు వేరు అని కొందరు బాలురు వెనుదీయుదురు. అది వట్టి భ్రమ. సుబేదారిలో సంగీతము నేర్చుకొను బాలికకు ఉకులేలే నిచ్చినచో, ఆమె ఎరిగిన సరిగమలే దానియందును పలుకును.

ఉకులేలే హవాయి దీవుల వాద్యము. 1879లో మదీరా దీవినుండి ఓడలో హొనొలులు చేరిన పోర్చుగీసువారు తమ చిన్న తంత్రీవాద్యములను వెంట తెచ్చిరి. వానినుండియే యిది పుట్టినది. దీనికి నాలుగు తంత్రులు. వాద్యమును రొమ్మున కానించి పట్టుకొన్నపుడు పైనుండి రెండవ తంత్రిని షడ్జముగా గ్రహించినచో, తంత్రులు వరుసగా ప, స, గ, ద అని పలుకును. ఇచ్చటిది అంతర గాంధారము. వీణకు వలెనే దీనికిని మెట్లు కలవు. ఒక్కొక్క మెట్టునకు నాద మొక్కొక్క స్వరస్థానము పైకి జరుగును.

మన సంగీతమున స్వరములు ఒకదానివెంట నొకటి నడచును. పాశ్చాత్యులు కొన్ని స్వరములను ఒక్కసారిగా పలికింతురు. దానికి కార్డు అని పేరు. స, గ, ప కలసిన కార్డులో గాంధారమే స్వభావమును నిర్ణయించును. అంతర గాంధారమైన ప్రసన్నముగను, సాధారణ గాంధారమైన విషాదముగను తోచును. ఆ గాంధారమును తొలగించి, దాని చోట మధ్యమమునో రిషభమునో ఉంచినచో రెండు భావములును నిలువవు. చెవి దేనికొరకో ఎదురుచూచును. ఇదియే సస్పెండెడ్ కార్డు. సస్పెండెడ్ అనగా వ్రేలాడదీసినది. పూర్వము ఐరోపా గాయకులు ఒక కార్డులోని స్వరమును తరువాతి కార్డు వచ్చినను విడువక పట్టి, పిదప మెల్లగా క్రిందికి దింపెడివారు. ఆ పేరు అందుండి వచ్చినది.

చేసి చూడుడు. అన్నిటికంటె క్రింది తంత్రిపై మూడవ మెట్టున ఉంగరపు వ్రేలుంచుడు, అది షడ్జమగును. దాని పై తంత్రిపై మొదటి మెట్టున చూపుడు వ్రేలుంచుడు. గాంధారము శుద్ధ మధ్యమమగును. నాలుగు తంత్రులను కలిపి మీటుడు: ప, స, మ, స. మధ్యమ పంచమములు ఇరుగుపొరుగు స్వరములగుటచే ఒకదానితో నొకటి ఒరసికొనును. ఇప్పుడు చూపుడు వ్రేలు మాత్ర మెత్తి మరల మీటుడు: ప, స, గ, స. ఒరపిడి తీరి నాదము స్థిమితపడును. ఉకులేలే లేనివారు హార్మోనియముపై స, మ, ప నొక్కి, మధ్యమమును గాంధారమునకు దింపి వినవచ్చును.

ఈ శాంతి యెందుకు కలిగినది? తంత్రి కంపించునపుడు మూలనాదముతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, అయిదింతలు వేగముగల సూక్ష్మనాదములును పుట్టును. షడ్జమున కైదింతల నాదమే అంతర గాంధారము. శ్రుతి చక్కగా కుదిరిన తంబురయందు ఎవరును మీటని ఆ గాంధారము లీలగా వినవచ్చును. పెద్దలు దానిని స్వయంభూ గాంధారమందురు. కనుక చూపుడు వ్రేలెత్తినపుడు మనము క్రొత్త స్వరమును తెచ్చుట లేదు. షడ్జమునందే దాగియున్న దానికి దారి విడుచుచున్నాము.

నేటి పాటలలో కొందరు మధ్యమమును దింపకయే విడుతురు. అదియు నొక అందమే. కాని క్రొత్తగా నేర్చువారు ముందు నిలుపుటయు, పిదప దింపుటయు రెండును తెలియవలెను. తొందరపడి వ్రేలెత్తినచో ఎదురుచూపే యుండదు. ఎదురుచూపు లేనిచోట రాకకు మాధుర్యము లేదు.