ఆంగ్లమున పొడుగు పదములు

స్క్రాబుల్ అను అక్షరముల ఆట పలకపై అడ్డముగా 15, నిలువుగా 15 గడులుండును. ఆడువాని చేతిలో ఏడు బిళ్లలు. ఏడింటిని ఒక్కమారు పేర్చిన వానికి 50 మార్కులు అదనము. ఈ ఆశచేత బాలురు నిఘంటువులోని పొడుగు పదములను కంఠస్థము చేయుచున్నారు. ఒక బాలుడు నా యెదుట ‘డిఫెనెస్ట్రేషన్’ అను పదమును 14 అక్షరములును తప్పక అప్పగించెను. అర్థమడుగగా, “ఆటలో అర్థమెవ్వరు నడుగరండి!” అనెను. ఆట నియమము చొప్పున అతని మాట నిజమే. నాకు మాత్రమది రుచింపలేదు.

సమాసమునకు విగ్రహవాక్యము చెప్పినట్లు ఈ పదములనుగూడ విడదీయవచ్చును. లాటినులో ‘డి’ యనగా నుండి, ‘ఫెనెస్ట్రా’ యనగా కిటికీ. మనుష్యుని కిటికీనుండి పడద్రోయుట యని భావము. ఇట్టి పనికిని ఒక పేరు కావలసివచ్చెనా యందురేమో. బొహీమియా దేశమునందలి ప్రాగ్ నగరమున 1618 మే 23వ తేదీని, తమ ఆరాధనా స్వాతంత్ర్యమునకు భంగము కలిగెనని కోపించిన ప్రొటెస్టంటు ప్రభువులు, రాజప్రతినిధుల నిద్దరిని, వారి లేఖకుని కోట కిటికీనుండి క్రిందికి త్రోసిరి. మువ్వురును బ్రదికిరి. దేవదూతలు పట్టుకొనిరని కతోలికులును, పెంటకుప్ప కాపాడెనని ప్రొటెస్టంటులును చెప్పుకొనిరి; మనవారి మాటయని నేను పక్షము వహింపను. దానినుండి రగిలిన యుద్ధము 1648 వరకు సాగి మధ్య ఐరోపాను పాడుచేసెను.

‘సెస్క్విపెడేలియన్’ కూడ 14 అక్షరములదే. సెస్క్వి యనగా ఒకటిన్నర, పెడ్ యనగా పాదము. అడుగున్నర పొడవు గల మాట యన్నమాట. రోము కవి హొరేసు బడాయి మాటలను ఎగతాళి చేయుచు దీని మూలరూపమును వాడెను.

‘ట్రిస్కైడెకఫోబియా’ 17 అక్షరములది గనుక పలకపై పట్టదు. గ్రీకులో ట్రీస్ మూడు, కై మరియు, డెకా పది, ఫోబోస్ భయము. పదుమూడను సంఖ్యయందలి భయమని యర్థము. కడరాత్రి భోజనమున పదుముగ్గురు కూర్చుండుటచే ఈ భయము పుట్టెనని కొందరందురు. ట్రీస్, డెకా అనునవి మన త్రయోదశిలోని త్రి, దశలకు చుట్టములు.

తొమ్మిది అక్షరముల ‘బ్యాండికూట్’ పుట్టినిల్లు వెదుకుటకు మాత్రము దూరము పోనక్కరలేదు. అది మన పందికొక్కే! తెల్లవారు ఆస్ట్రేలియాలో పిల్లలను సంచిలో పెంచు వేరొక జంతువునకును ఆ పేరే పెట్టిరి. పలకపై తగినచోట రెండక్షరములు ముందే యున్నయెడల, చేతిలోని ఏడింటిని వానితో కూర్చి 50 మార్కులు పొందవచ్చును. ఆ బాలునికిది చెప్పగా నవ్వి, తమ గాదె క్రింద బ్యాండికూట్లు చాల గలవనెను.