వినికిడికి వేళ చూసే ఎంజైములు

చెవి అనగానే బయటికి కనిపించే డొప్పే మనకు గుర్తుకొస్తుంది. అసలు పని జరిగేది ఎముకలో దాగిన లోపలి చెవిలో. నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కోక్లియాలో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. శబ్దపు కదలికను నాడీ సంకేతంగా మార్చేవి ఇవే. క్షీరదాల్లో ఇవి నశిస్తే మళ్లీ పుట్టవు. కనుక ఇవి రూపుదిద్దుకునే కాలం ఎంతో విలువైనది.

ఆ కాలంలో ఎంజైములు చేసే మేలు చాలా ఉంది. శరీరంలో రసాయన చర్యలను వేగంగా జరిపించే ప్రోటీన్లనే ఎంజైములంటాం. ఒక ఉదాహరణ చూద్దాం. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా విడుదల చేసే థైరాక్సిన్‌లో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. ఇది గాదెలోని వడ్ల వంటిది. దంచితేనే వంటకు పనికొస్తుంది. రెండో రకం డీఅయోడినేజ్ అనే ఎంజైము అందులోంచి ఒక అయోడిన్‌ను తొలగించి, చురుకైన హార్మోనుగా మారుస్తుంది. కోక్లియాలో ఈ పని చుట్టుపక్కల కణాలు చేస్తాయి. ఫలితం వినికిడి కణాలకు అందుతుంది.

ఎలుక పిల్లలు పుట్టినప్పుడు వినలేవు. సుమారు 12 రోజులకు వినడం మొదలుపెడతాయి. అంతకు కొద్ది రోజుల ముందే ఈ ఎంజైము జోరు పెరుగుతుంది. ఇది లేని చిట్టెలుకలకు, రక్తంలో చురుకైన హార్మోను సరిపడా ఉన్నా, చెవుడు వచ్చింది. మరోవైపు, మూడో రకం డీఅయోడినేజ్ ఆ హార్మోనును వేళకు ముందే పనిచేయకుండా ఆపుతుంది. అది లేకపోతే కోక్లియా తొందరపడి ముదురుతుంది, అప్పుడూ చెవుడే. ఆలస్యమూ నష్టమే, తొందరా నష్టమే.

మనుషుల్లో ఈ దశలు తల్లి కడుపులోనే గడుస్తాయి. తొలి నెలల్లో బిడ్డకు థైరాయిడ్ హార్మోను తల్లి నుంచే అందాలి. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. తీవ్రమైన లోపం బిడ్డ మెదడునూ వినికిడినీ దెబ్బతీయగలదు. అందుకే అయోడిన్ ఉప్పునే వాడాలి. తేమ తగలకుండా మూతపెట్టి ఉంచాలి. గర్భిణులు వైద్యుల సలహాపై థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.

చెవుడుకు ఇదొక్కటే కారణం కాదు. జన్యువులు, గర్భిణికి సోకిన రుబెల్లా, పసికందుకు వచ్చే తీవ్రమైన కామెర్లు కూడా కారణం కావచ్చు. కాబట్టి ఏ తల్లినీ నిందించకూడదు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలుకావడం మేలు.

పిలిస్తే పలకని పిల్లవాణ్ణి మొండివాడనుకోవడం బడుల్లో మేము చూస్తూనే ఉంటాం. అలాంటివారిలో కొందరికి అసలు లోపం వినికిడిలోనే ఉంటుంది. అప్పటికి మాట నేర్చుకునే విలువైన ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. దాతలు వినికిడి యంత్రాలు కొనివ్వడం గొప్ప మేలే. దానితోపాటు పేద తల్లి తన పసిబిడ్డను పరీక్షకు తీసుకెళ్లే దారి ఖర్చునూ భరిస్తే, ఆ సాయం వేళకు అందినట్టవుతుంది.