గాజుతొట్టెలో నీటిమొక్కలు: పాత ఆక్వేరియమును మరల తీర్చుట

హైదరాబాదునుండి శ్రీశైలము పోవు దారిలో, నల్లమల అడవి మొదలగు చోట మన్ననూరు గ్రామము కలదు. ఇది నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు మండలములోనిది. ఊరు దాటినంతనే పులుల అభయారణ్యము. ఈ యూరిలో ఒక యింట, కొన్నేండ్ల క్రిందట పట్టణమునుండి తెచ్చిన చేపల గాజుతొట్టె యొకటి యున్నదనుకొందము. అందులో రంగువేసిన గులకరాళ్లు, ప్లాస్టిక్ ఆకులు, బుడగలు వదలు బొమ్మ, రెండు బంగారు చేపలు, అద్దమునకు అంటుకొని తిరుగు నల్లని చేప యొకటి. తెల్లవారుజామున బంగారు చేపలు నీటిపైకి వచ్చి గుటకలు వేయుచుండును. ఇంటివారు వారమునకొకసారి నీరంతయు పారబోసి, రాళ్లను, స్పాంజిని కుళాయి క్రింద బాగుగా కడుగుదురు. అయినను ఏటికి రెండు మూడుసార్లు చేపలు చచ్చును. మరల క్రొత్తవి తెత్తురు. అంత శ్రద్ధతో కడుగుటయే ఆ చావునకు కారణమని వారికి తోచదు.

చేప మొప్పలనుండి అమ్మోనియా ఎల్లప్పుడును వెలువడుచుండును. తినక మిగిలిన మేత క్రుళ్లినను అదియే పుట్టును. ఇది విషము. చెరువులో దీనిని బాక్టీరియాలు మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు వలన కీడు చాల తక్కువ. రెండవ పనిని చేయునది నైట్రోబాక్టర్ అని పాఠ్యపుస్తకములు చెప్పుచు వచ్చినవి. కాని మంచినీటి ఆక్వేరియములలో ఆ పని చేయుచున్నవి ముఖ్యముగా నైట్రోస్పైరా జాతివని 1998లో తేలినది. ఈ జాతిలోనే కొన్ని రెండు పనులను ఒంటిగా చేయగలవని 2015లో కనుగొనబడినది. ఇవి నీటిలో తేలుచు తిరుగునవి కావు. రాతిపై, ఇసుకరేణువులపై, స్పాంజి రంధ్రములలో పలుచని జిగటపొరగా అంటుకొని యుండును. క్లోరిను కలిసిన కుళాయినీటితో స్పాంజిని కడిగినచో ఆ పొర చచ్చును. అద్దములు తళతళలాడును గాని, అమ్మోనియాను విరుచు దిక్కు తొట్టెలో మిగులదు.

మొక్కలు నీటిని బాగుచేయుననుట క్రొత్త సంగతి కాదు. కొవ్వొత్తి ఆరిపోయిన గాలిని పుదీనా కొమ్మ మరల బాగుచేయునని 1771లో ప్రీస్ట్లీ కనుగొనెను. అందుకు వెలుతురు కావలెనని 1779లో ఇంగెన్‌హౌజ్ చూపెను. 1850లో లండనులో వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక గాజుపాత్రలో రెండు బంగారు చేపలను, ఒక వాలిస్నేరియా మొక్కను, కొన్ని నత్తలను కలిపి, నీరు మార్చనవసరము లేకుండ చాలకాలము నిలిపెను. మొక్క ఇచ్చు ప్రాణవాయువుపైననే ఆనాటివారి దృష్టి నిలిచినది. కాని మొక్కవలన ఎక్కువ మేలు మరియొకటి కలదు: నీటిమొక్కలు పెక్కు అమ్మోనియానే నేరుగా పీల్చుకొని మాంసకృత్తులుగా మార్చుకొనును. కావున మొక్కలు దట్టముగా నున్న తొట్టెలో బాక్టీరియాలకు పని తగ్గును.

ఇక నీటి సంగతి. తెలంగాణములో బోరునీరు చాలచోట్ల కఠినజలము. అందులో బైకార్బొనేటులు మెండు. గాలితో సమతులనము పొందిన నీటిలో బొగ్గుపులుసు వాయువు లీటరుకు అర మిల్లీగ్రాము ప్రాంతముననే యుండును. పైగా నీటిలో ఆ వాయువు గాలిలో కంటె సుమారు పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును. అందుచేత ఎండలోని మొక్క తన చుట్టునున్న వాయువును త్వరలోనే ముగించివేయును. అప్పుడు హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటివి బైకార్బొనేటును విరిచి బొగ్గుపులుసు వాయువును తీసుకొనును. మధ్యాహ్నమునకు వాటి ఆకులపై సున్నపుపొర గరుకుగా చేతికి తగులును. దానితో నీటి పి.హెచ్. పైకెక్కును, దట్టమైన హైడ్రిల్లా నడుమ అది 9 దాటుట కలదు.

ఉపాధ్యాయులు విద్యార్థులచేత లెక్క కట్టించదగినది ఇచ్చటనే యున్నది. నీటిలో అమ్మోనియా రెండు రూపములలో నుండును. అమ్మోనియం అయానుగా నున్నపుడు అపాయము తక్కువ. వాయురూపమైనచో మొప్పలగుండ లోనికి చొచ్చుకొనిపోవును. 25 డిగ్రీల వేడిమిలో, పి.హెచ్. 7 అయినచో మొత్తములో 0.6 శాతము మాత్రమే వాయురూపము. 8 అయినచో 5 శాతము. 9 అయినచో 36 శాతము. ఉదయము ఏ బాధయు కలిగింపని అమ్మోనియాయే మధ్యాహ్నమునకు చేపను చంపగలదు. క్రొత్తగా తోడిన బోరునీటిలో బొగ్గుపులుసు వాయువు కరిగి యుండుటచే పి.హెచ్. తక్కువగా కనబడును; ఒకదినము నిలువయుంచిన పిదప చూచినదే దాని నిజమైన విలువ.

తొట్టెను విప్పుటకు ముందు తేల్చవలసినది పాత ప్రాణులను ఏమిచేయుట యనునది. బంగారు చేపలు మొక్కలను కొరికివేయును, నీటిని మిక్కిలి మలినము చేయును. పెద్ద తొట్టెగల వారికి ఇచ్చివేయుట మేలు. చిక్కంతయు ఆ నల్లని చేపతోనే. ‘తొట్టె శుభ్రము చేయును’ అని దుకాణములో అంటగట్టునది ఇదియే. ఇది దక్షిణ అమెరికా జాతి. ఒడలిపై ఎముకపలకల కవచము. అర మీటరువరకు పెరుగును. నీటిలో ప్రాణవాయువు తగ్గినను గాలిని మ్రింగి బ్రదుకును. తొట్టె చాలక జనులు చెరువులో వదలిరి. మన జాలరులు దీనిని దెయ్యపుచేప యందురు. దీని ముండ్లు వలలను చింపును, దీనిని కొనువారుండరు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో మిగులు డి.ఎన్.ఏ. జాడలనుబట్టి పరీక్షించి, తూర్పుకనుమలలోని జలాశయములలో సుమారు 60 శాతమునకు ఇది వ్యాపించినట్లు తెలిపిరి. నల్లమలయు తూర్పుకనుమలలోనిదే, మన్ననూరు చుట్టునున్న వాగుల నీరు తుదకు చేరునది కృష్ణానది. కావున ఆ చేపను అమ్మిన దుకాణమునకే తిరిగి ఈయవలెను. ఏ నీటిలోను వదలరాదు.

మొక్కలకును ఇదే వర్తించును. 1950 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికాలోని ఫ్లారిడాకు ఆక్వేరియము వ్యాపారి యొకడు అప్పటి సింహళమునుండి హైడ్రిల్లాను తెప్పించెను. అది కాలువలలో పడి, అక్కడి సరస్సులను పడవ కదలనీయనంతగా క్రమ్మినది. మన చెరువులలోని గుర్రపుడెక్కయు ఒకనాడు పూవు అందమునకై పరదేశమునుండి తెచ్చినదే. కత్తిరించిన తీగలను బండపై ఎండబెట్టి ఎరువులో కలుపవలెను.

తొట్టె పొడవు 90, వెడల్పు 30, ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకొందము. అడుగున 3 సెంటీమీటర్ల మన్ను, దానిపై 4 సెంటీమీటర్ల ఇసుక, పైన 5 సెంటీమీటర్ల ఖాళీ పోగా నీటి లోతు 28. ఆ నీరు 75 లీటర్లకు పైమాట. మన్ను, ఇసుక కలిసి మొత్తము బరువు నూరు కిలోలు మించును గనుక బల్ల గట్టిదై సమతలముగా నుండవలెను. మన్ను ఎరువులు వేయని చేనిదైనచో మేలు. పేడ, ఆకులెరువు కలిసినది పనికిరాదు. దానిని జల్లించి, తడిపి, ఆరబెట్టి వేయవలెను. మన్ను నెమ్మదిగా కుళ్లుచు మొక్కల వ్రేళ్లచెంత బొగ్గుపులుసు వాయువును విడుచుట ఇందలి లాభము. పొర మందమైనచో లోపల ప్రాణవాయువు అందక క్రుళ్లిన గ్రుడ్డు వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు పుట్టును. ఇసుక ముతకదిగా, బాగుగా కడిగినదిగా నుండవలెను.

రాళ్లను ఎన్నుటకు ఒక నిమ్మకాయ చాలును. రాతిపై రసము పిండిన నురుగు లేచినచో అది సున్నపురాయి. నీటి కాఠిన్యమును పెంచును. తాండూరు బండ ఇట్టిది. అమ్రాబాదు పీఠభూమిలోని క్వార్ట్‌జైటు గాని, అచ్చంపేట దిక్కుననున్న నల్లసేనపురాయి గాని నురగదు. అయితే అడవిలోని రాతిని, మొక్కను, చేపను తెచ్చుకొనుట తగదు. అభయారణ్యములో అనుమతిలేక వేనిని తీసినను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. ఇల్లు కట్టగా మిగిలిన రాళ్లు చాలును.

నాటుటకు వాలిస్నేరియా వెనుకవైపు తెరవలె బాగుండును, హైడ్రిల్లా, సెరటోఫిల్లం మూలలలో, ముందు క్రిప్టోకొరైన్. చోటు మారిన క్రిప్టోకొరైన్ ఆకులు కరగిపోవుట సహజము. గడ్డ బ్రదికియే యుండును, పెరికివేయరాదు. ఊరిచెరువు మొక్కలైనచో వారము రోజులు వేరే బకెట్టులో నుంచి చూడవలెను. తూనీగ పిల్లపురుగులు వాటిని పట్టుకొని వచ్చును; అవి చిన్నచేపలను వేటాడి తినును. మొదటినాడే దట్టముగా నాటుట మంచిది. పలుచగా నాటినచో మిగిలిన వెలుతురును పాకుడు దోచుకొనును. దీపము దినమునకు ఏడెనిమిది గంటలు చాలును. కిటికీ ఎండ తగులరాదు.

పాత తొట్టెనుండి దాచుకొనవలసినది స్పాంజియే. దానిని తొట్టెనుండి తీసిన పాతనీటిలోనే పిండి, తడి ఆరనీయక క్రొత్త తొట్టెలో పెట్టవలెను. కరెంటు చాలసేపు పోయినచో స్పాంజిలోని బాక్టీరియాలకు ప్రాణవాయువు అందదు. దానిని తీసి వెడల్పుపాత్రలో పలుచని నీటిలో నుంచుట మంచిది. కుళాయినీరు పోయుటకు ముందు ఒకదినము మూత తీసి యుంచినచో క్లోరిను పోవును.

మొదటి నెలలో మన్ను అమ్మోనియాను విడుచును గనుక చేపలను వేయరాదు. నాలుగు నుండి ఆరు వారములకు, పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండును కనబడనపుడు చిన్న పరిగెలు గాని జీబ్రా చేపలు గాని పది పండ్రెండు వేయవచ్చును, ఒకేసారి గాక మూడు నాలుగు చొప్పున. కొర్రమట్టపిల్ల ఎంత ముద్దుగా నున్నను వద్దు. అది పరిగెలను మిగుల్చదు.

ఎండాకాలము వేరుగా చూడవలసినది. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగును. 35 డిగ్రీలకు 7 మాత్రమే. ఆ వేడిలోనే చేపకు ఎక్కువ కావలయును. రాత్రి మొక్కలును దానిని వాడుకొనును గనుక కొరత తెల్లవారుజామున తీవ్రమగును. పాత తొట్టెలోని గుటకలకు అర్థమిదే. రాత్రి గాలిపంపు నడుపుట, మూత తీసి నీటిపైకి చిన్న ఫంకా త్రిప్పుట ఉపాయములు. ఫంకాగాలికి నీరు ఆవిరియగుచు రెండు మూడు డిగ్రీలు చల్లబడును. అట్లు తగ్గిన నీటికి బదులు బోరునీరే పోయుచున్నచో లవణములు పేరుకొని కాఠిన్యము వారమువారము పెరుగును. పట్టియుంచిన వాననీరు పోయుట మేలు.