తెలుగు పాఠానికి పథక రచన

భాషాబోధన సఫలం కావడానికి పాండిత్యం ఒక్కటే చాలదు. ఉపాధ్యాయుడు తరగతిలో అడుగిడక ముందే పాఠ్యపథకం సిద్ధం కావాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల విద్యార్థులలో ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడేవారు పలువురు ఉన్నారు. వీరికి తెలుగు పాఠం ఎట్లా సిద్ధపరచాలన్నదే ఇక్కడ మేము విచారించదలచిన విషయం.

ఉద్యోగంలో చేరిన తొలిదినాలలో మేము వ్యాసాలు చెప్పి వ్రాయించేవారము. విద్యార్థులు వల్లించి మంచి మార్కులే తెచ్చుకొన్నారు. ఒకనాడు వారిలో ఒకడు తండ్రి పొలం పాసుపుస్తకం కోసం తహసీల్దారుకు అర్జీ వ్రాయలేక తెల్లకాగితంతో మా వద్దకు వచ్చాడు. “వ్యాసమైతే వచ్చు సార్, అర్జీ రాదు” అన్నాడు. లోపం అతనిది కాదు, మా పథకానిదని నాడు గ్రహించాము.

పథకంలో మొదటిది లక్ష్యం. “అర్జీని గురించి చెప్పుట” లక్ష్యం కాదు. “గంట ముగిసేసరికి విద్యార్థి పది వాక్యాల అర్జీ స్వయంగా వ్రాయుట” లక్ష్యం. ఒక పాఠానికి ఒక్క లక్ష్యమే చాలు.

రెండవది, విద్యార్థికి ముందే తెలిసినదానిని గుర్తించుట. క్రొత్త జ్ఞానం పాత జ్ఞానాన్ని ఆశ్రయించి నిలుస్తుందని జర్మను విద్యావేత్త హెర్బార్ట్ (1776–1841) బోధించాడు. అర్జీ, తహసీల్దారు, హాజరు, జవాబు, రసీదు, దస్తావేజు – ఇవన్నీ అరబ్బీ, ఫారసీల మూలాన తెలుగులో చేరినవే. వీటిని నల్లబల్లపై వ్రాస్తే విద్యార్థికి సగం భయం తీరుతుంది. వాక్యనిర్మాణంలోనూ చుట్టరికం ఉంది. దక్కనీ ఉర్దూలో “ఆతూఁ బోల్కే బోలా” అంటే “వస్తానని చెప్పాడు” అని అర్థం. ఆ “బోల్కే” మన “అని” ఉండే చోటనే ఉంటుంది.

మూడవది, తడబడే చోట్లను ముందుగా ఊహించుట. ఉర్దూలో ళకారం లేనందున “కళ్ళు” కాస్తా “కల్లు” అవుతుంది. ఉర్దూలో కితాబ్ స్త్రీలింగం, కాగజ్ పుంలింగం. క్రియ లింగాన్ని అనుసరిస్తుంది. తెలుగులో పుస్తకమైనా కాగితమైనా “వచ్చింది” అనే అంటాము. ప్రామాణిక ఉర్దూలో మేము, మనము రెండింటికీ “హమ్” ఒక్కటే. రామాపురం విద్యార్థి అధికారికి “మన గ్రామం” అని వ్రాస్తే ఆ అధికారి కూడా రామాపురం వాడే అయిపోతాడు! “మా గ్రామం” అనాలి. ఇంట్లో వినే దక్కనీ “అపన్” మన “మనము”కు దగ్గరిదని చూపితే ఈ భేదం సులువుగా బోధపడుతుంది.

నాలుగవది కాలవిభజన. 50 నిమిషాలలో పునశ్చరణకు 5, సంభాషణకు 10, నమూనా అర్జీ పరిశీలనకు 10, రచనకు 20, మూల్యాంకనానికి 5 నిమిషాలు కేటాయించవచ్చు. ఒక పూటకు ఒక రకం తప్పులనే దిద్దాలి. ఎర్రసిరాతో నిండిన కాగితం చూసినవాడు మళ్ళీ కలం పట్టడు.

వారానికి ఒక గంట ఇట్టి రచనాభ్యాసానికి ప్రత్యేకించవలెనని కళాశాల కమిటీవారికి మా మనవి. విద్యార్థులకు మాత్రం ఒక్క మాట. అర్జీలో “మా గ్రామం” అని వ్రాయండి. తెలుగును గురించి చెప్పేటప్పుడు “మన భాష” అనండి. అక్కడ అదే సరియైన వ్యాకరణం.