వైరుధ్యమా, వైరుధ్యంలా కనిపించేదా?

కురబలకోట మండలం అంగళ్లులో ఇంజినీరింగు కళాశాల ఉంది. ఇటువంటి కళాశాలల్లో చదివి జీమ్యాట్ పరీక్షకు కూర్చునే యువకులను ఒక రకం ప్రశ్న తికమకపెడుతుంది. పొసగనట్లు కనిపించే రెండు వాస్తవాలు చెప్పి, వాటి మధ్య పొత్తు కుదిర్చే సమాధానాన్ని ఎన్నుకోమంటారు. దీన్ని సాధించే పద్ధతేమిటి?

ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల శానిటోరియం వెలసింది. సరైన మందులేని ఆ రోజుల్లో విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. దేశంలో రోగులు లక్షల్లో ఉంటే, ఇటువంటి చోట్ల పడకలు మాత్రం కొద్ది. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలయింది. కొందరు రోగులను శానిటోరియంలో చేర్చారు. కొందరికి ఇంటివద్దనే చికిత్స చేశారు. ఇంటివద్ద ఉన్నవారివి ఇరుకు గదులు, చాలీచాలని తిండి. అయినా ఇరువర్గాలూ దాదాపు సమానంగా కోలుకున్నట్లు 1959లో ప్రకటించారు. ఇదెలా సాధ్యం?

ఈ నాలుగు సమాధానాలను పరిశీలించండి.

1. శానిటోరియంలో మంచి ఆహారం పెట్టారు. ఇది ముడిని మరింత బిగిస్తుంది.

2. మద్రాసులో క్షయరోగులు ఎక్కువ. నిజమే కావచ్చు, కాని ఈ పోలికతో దానికి సంబంధం లేదు.

3. ఇంటి రోగులు నిజానికి కోలుకోలేదు. ఇది ఇచ్చిన వాస్తవాన్నే కాదంటున్నది.

4. ఇరువర్గాలూ ఏడాదిపాటు ఒకే మందులు, అంటే ఐసోనియాజిడ్, పాస్ వాడారు. రోగక్రిములను అణచింది ఆ మందులే. ఇదే సరైనది. రెండు వాస్తవాలూ నిలిచాయి, ముడీ విడిపోయింది.

కనుక గుర్తుంచుకోవలసినది ఒక్కటే: ఇచ్చిన రెండింటిలో దేన్నీ త్రోసిపుచ్చరాదు, రెంటినీ నిలబెట్టే మూడవ విషయాన్ని వెదకాలి. హదీసు పండితులకు ఈ మార్గం కొత్తది కాదు. పైకి విరుద్ధంగా కనిపించే ఉల్లేఖనాలను సమన్వయపరచడం గురించి ఇమామ్ షాఫయీ (మరణం హిజ్రీ 204) ప్రత్యేక గ్రంథమే వ్రాశారు.

ఇది మార్కులతో ముగిసే విషయం కాదు. మద్రాసు ఫలితాన్ని అసంభవమని కొట్టివేసి ఉంటే, పేద రోగి పడక కోసం ఎదురుచూస్తూనే ఉండేవాడు. వైద్యులు కారణాన్ని వెదికారు. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం ఇంటివద్ద చికిత్సనే ఆధారం చేసుకున్నది.