పిల్లల కంట్లో కెరటోకోనస్: ఏ ఆపరేషన్ ఎప్పుడు?

"ఆరు నెలలకొకసారి అద్దాలు మారుస్తున్నాము సిస్టరమ్మా, అయినా బోర్డు మీది అక్షరాలు రెండేసిగా కనబడుతున్నాయంటున్నాడు" అని తల్లులు చెబుతుంటారు. ఆ పిల్లవాడు ఎప్పుడూ కళ్ళు నులుముకునేవాడైతే మేము మళ్ళీ అద్దాల షాపుకు పంపము. కార్నియా పరీక్ష చేయించమంటాము.

కార్నియా అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర. బడి పుస్తకాల్లో శుక్లపటలం అని ఉంటుంది. దాని మందం అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ, అంతే. కొందరిలో ఇది పలుచబడి, కంటిలోని ఒత్తిడికి కోను ఆకారంలో ముందుకు పొడుచుకు వస్తుంది. ఇదే కెరటోకోనస్. పెద్దవారిలో కంటే పిల్లల్లో త్వరగా ముదురుతుంది. బీర్కూర్, బాన్సువాడ వైపు ఎండలకు, దుమ్ముకు పిల్లల కళ్ళు ఎర్రబడి దురద పెట్టడం మనకు తెలిసిందే. పిడికిళ్ళతో రుద్దిన కొద్దీ బలహీనమైన పొర ఇంకా వంగుతుంది. కనుక దురద తగ్గించకుండా ఏ ఆపరేషన్ చేయించినా ఫలితం నిలవడం కష్టం. అలాగని మందుల షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేయకండి. దురద తగ్గుతుంది గాని కంటి ఒత్తిడి పెరగవచ్చు, శుక్లం రావచ్చు.

ఇప్పుడు పిల్లలకు ముందుగా ఆలోచించే చికిత్స కార్నియల్ క్రాస్ లింకింగ్. మన దగ్గర సి త్రీ ఆర్ అని కూడా అంటారు. జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యులు 2003లో దీని తొలి ఫలితాలు ప్రచురించారు. కార్నియా పైపొరను తీసి, బి2 విటమిన్ అయిన రైబోఫ్లేవిన్ చుక్కలు అరగంట వేస్తారు. తర్వాత అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తారు. పాత పద్ధతిలో ఇది ఇంకో అరగంట. లోపలి పోగుల మధ్య కొత్త ముడులు పడి పొర గట్టిపడుతుంది. కార్నియా మరీ పలుచనైతే, అంటే 400 మైక్రాన్ల కంటే తక్కువుంటే, మామూలు పద్ధతి పనికిరాదు. ఆలస్యం చేయవద్దని మేము పదే పదే చెప్పేది అందుకే.

ఇది చూపు పెంచే ఆపరేషన్ కాదు, ఉన్న చూపును కాపాడేది. కాలువ గట్టు తెగకముందే మట్టి వేసినట్టు. "డబ్బు పెట్టినా అద్దాలు పోలేదు" అని తర్వాత బాధపడేవారుంటారు. అద్దాలో, గట్టి కాంటాక్ట్ లెన్సులో తర్వాత కూడా కావాలి.

పిల్లల్లో ఇది నిజంగా పని చేస్తుందా? వ్యాధి ముదురుతున్న 10 నుండి 16 ఏళ్ళ పిల్లలు 60 మందిని రెండు గుంపులు చేసి బ్రిటన్‌లో పరీక్షించారు. ఫలితాలు 2021లో వచ్చాయి. ఏడాదిన్నరలో క్రాస్ లింకింగ్ చేసిన వారిలో నూటికి 7 మందికి, మామూలు వైద్యం పొందిన వారిలో నూటికి 43 మందికి వ్యాధి ముదిరింది. ఇది పెద్ద తేడాయే. అయితే ఏడాదిన్నర పిల్లవాడి జీవితంలో చిన్న కాలం. కొందరిలో మళ్ళీ ముదరవచ్చు కూడా. అందుకని కన్ను బాగుందనిపించినా డాక్టరు చెప్పిన తేదీలకు కార్నియా పటం తీయించాలి.

ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు నొప్పి, నీరు కారడం సహజం. కట్టు లెన్సు తీసేవరకు కంట్లో నీళ్ళు పడనివ్వకూడదు. అరుదుగా ఇన్‌ఫెక్షన్, మసక రావచ్చు. నొప్పి తగ్గకుండా పెరిగితే ఆ రోజే చూపించండి.

కార్నియాలో అమర్చే రింగులు ఆకారాన్ని కొంత సరిచేస్తాయి గాని వ్యాధిని ఆపవు. కళ్ళు రుద్దే పిల్లలకు అవి అంత మంచివి కావని మా అభిప్రాయం.

మచ్చ పడి లెన్సుతో కూడా కనబడకపోతే కార్నియా మార్పిడి చేస్తారు. లోపలి పొరను ఉంచి పై పొరలు మాత్రమే మార్చే పద్ధతి కూడా ఉంది. అందులో తిరస్కరణ భయం తక్కువ. ఏ పద్ధతైనా పిల్లల్లో కుట్లు త్వరగా వదులవుతాయి, ఏళ్ళ తరబడి చుక్కలు, చెకప్‌లు తప్పవు. పైగా కార్నియా కొనుక్కునే వస్తువు కాదు, ఎవరో మరణించాక వారి కుటుంబం ఇవ్వాలి. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ చికిత్సలు జరుగుతాయి. చెల్లించలేని వారికి అక్కడ ఉచిత విభాగం ఉంది.

వెళ్ళేటప్పుడు పాత అద్దాల చీటీలన్నీ తీసుకువెళ్ళండి. నెంబరు ఎంత వేగంగా మారిందో డాక్టరుకు చెప్పేవి అవే. ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళ కళ్ళు కూడా చూపించండి.